ట్రాన్స్ మ్యాన్‌కి ఛాతీలో గడ్డ తగిలితే: ఎంజీఎం ఓపీ నుంచి హార్మోన్ మాత్రల దాకా ఏం చేయాలి

స్నానం చేస్తుంటేనో, బైండర్ (ఛాతీ చదునుగా కనబడటానికి వేసుకునే బిగుతు బనియన్) విప్పుతుంటేనో చేతికి గట్టిగా ఏదో తగిలింది. రెండు మూడు వారాలు ఆగినా పోలేదు. ఆడవాళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్తే బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా మీ గడ్డం వంక చూస్తారు. మగవాళ్ల క్యూలో నిలబడితే లోపల చొక్కా విప్పాల్సి వస్తుంది. ఈ రెంటి మధ్య తేల్చుకోలేక నెలలకు నెలలు గడిపేసే ట్రాన్స్ మెన్, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా మగవాళ్లుగా బతికేవాళ్లు, ఉన్నారు. మన ఉత్తర తెలంగాణలో ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల లాంటి చోట్ల ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆసుపత్రిలో ఎవరో ఒకరు తెలిసినవాళ్లు ఉండనే ఉంటారు.

ముందు కాస్త ధైర్యం తెచ్చుకోండి. ఛాతీలో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. నెదర్లాండ్స్‌లో 1229 మంది ట్రాన్స్ మెన్ రికార్డులు చూసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో నలుగురికి రొమ్ము క్యాన్సర్ కనిపించింది. ఆడవాళ్లలో వచ్చేదానికంటే ఇది బాగా తక్కువ. తక్కువే కానీ వస్తుంది, టాప్ సర్జరీ అయినవాళ్లకూ వస్తుంది. టాప్ సర్జరీ ఛాతీకి మగ ఆకారం ఇవ్వడానికి చేసేది. చనుమొన కింద, చంక వైపు, అంచుల్లో కొంత కణజాలం ఉంచుతారు, లేకపోతే ఛాతీ లోపలికి దిగిపోయినట్టు కనబడుతుంది. క్యాన్సర్ కోసం చేసే ఆపరేషన్‌లో ఆ మిగులు కూడా తీసేస్తారు. "నాకు తీసేశారు కదా, ఇంకెక్కడ వస్తుంది" అని కుట్టు పక్కన కొత్తగా వచ్చిన ఉండను వదిలేయకండి.

నొప్పి లేని గట్టి గడ్డ, చంకలో ఉండ, చనుమొన లోపలికి లాక్కుపోవడం, దాని నుంచి రక్తం లాంటిది రావడం, చర్మం మీద గుంటలు పడటం, మానని పుండు: వీటిలో ఏది కనబడినా నెల తిరగకముందే చూపించుకోవాలి. బైండర్ వాడేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. ఛాతీ ఎప్పుడూ కాస్త నొప్పిగానే ఉంటుంది కాబట్టి కొత్త నొప్పిని కూడా దాని ఖాతాలోనే వేసేస్తారు. రాత్రి బైండర్ తీసి పడుకుని, మర్నాడు పొద్దున చేత్తో తడిమి చూడండి.

ఒక కాగితం రాసుకోండి

ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే దీన్ని పాటించండి. మన ఓపీల్లో డాక్టర్ టేబుల్ చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు. మీ వెనకాల పేషెంట్ గడ్డం మీ భుజానికి తగులుతూ ఉంటుంది. అక్కడ నోరు తెరిచి "నేను ట్రాన్స్ మ్యాన్‌ని, టెస్టోస్టిరాన్ వాడుతున్నా" అని చెప్పడం అందరి వల్లా కాదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. కాగితం చేతికివ్వండి, డాక్టర్ చదువుకుంటారు. చదివాక చాలామంది గొంతు తగ్గించే మాట్లాడతారు.

కాగితం మీద మొదట ఆధార్‌లో ఉన్న పేరు, దాని కింద మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలో రాయండి. తర్వాత టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) వివరాలు: ఏ సూది, ఎంత డోసు, ఏ ఏడాది నుంచి, చివరిసారి ఏ తేదీన వేయించుకున్నారు. చివరి తేదీ చాలా ముఖ్యం. సస్టనాన్ లాంటిది కొన్ని వారాల్లో దిగిపోతుంది. నెబిడో లాంటిదైతే ఒక్క సూదే పది నుంచి పద్నాలుగు వారాలు పనిచేస్తుంది, కాబట్టి ఈ రోజు ఆపాలనుకున్నా ఒంట్లో అది నెలలపాటు ఉంటుంది. ప్రిస్క్రిప్షన్ లేకుండా దోస్తు ద్వారా తెప్పించుకుని వేయించుకున్నా సరే, అదీ రాయండి. డాక్టర్ పోలీసు కాదు.

టాప్ సర్జరీ అయి ఉంటే ఎప్పుడు, చనుమొనలు తీసి మళ్లీ అతికించారా, తీసిన కణజాలాన్ని పరీక్షకు పంపారా, పంపితే రిపోర్టు ఏది. గర్భసంచి, అండాశయాలు ఉన్నాయా, తీయించేశారా. చివరి పీరియడ్స్ ఎప్పుడు. అమ్మకో, పెద్దమ్మకో, మేనత్తకో, నాయనమ్మకో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చాయా. మేనత్త పేరు చూసి ఆశ్చర్యపోకండి, ఈ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యుమార్పు తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది. మానసిక ఆరోగ్యానికి వాడే మాత్రలుంటే వాటి పేర్లు కూడా రాయండి, ఎందుకో కింద చెప్తాను.

ఏ ఓపీకి వెళ్లాలి

గైనిక్ వైపు వెళ్లక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఛాతీ గడ్డలు చూసేది జనరల్ సర్జరీ వాళ్లు. వరంగల్ ఎంజీఎంలోనైనా, కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ఓపీ చిట్టీ మీద సర్జరీ అని రాయించుకుంటే చాలు. అక్కడ హెర్నియా, పైల్స్, కాలిపుండు పేషెంట్లంతా కలిసే ఉంటారు, మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు. రొమ్ము క్యాన్సర్ మగవాళ్లకూ అరుదుగా వస్తుంది కాబట్టి "ఛాతీలో గడ్డ ఉంది" అంటే కౌంటర్‌లో ఇంకేం అడగరు.

చిట్టీ మీద పేరు, ఆడ/మగ వివరం మాత్రం ఆధార్‌లో ఉన్నట్టే రాయించుకోండి. మనసు ఒప్పుకోదని తెలుసు. కానీ ఆరోగ్యశ్రీ ఫైలు ఆ వివరాల మీదే నడుస్తుంది. ఓపీ చిట్టీలో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉంటే అనుమతి దగ్గర ఫైలు ఆగుతుంది, క్యాన్సర్ ఆగదు.

తర్వాత స్కానింగ్. టాప్ సర్జరీ కానివాళ్లకు మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ చేయొచ్చు. సర్జరీ అయినవాళ్లకు మామోగ్రామ్ మిషన్‌లో పట్టేంత కణజాలం ఉండదు కాబట్టి అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎంఆర్ఐ. స్కాన్‌లో అనుమానం వస్తే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఇక్కడ గట్టిగా అడగాల్సింది ట్రూకట్ బయాప్సీ, అంటే లావు సూదితో ముక్క తీయడం. గడ్డనంతా ముందే కోసి తీసేసి "తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకోకండి. ఏ రకం క్యాన్సరో తెలియకుండా కత్తి పెడితే మళ్లీ రెండో ఆపరేషన్ పడుతుంది. ముక్క తీస్తే పాకుతుందని ఊళ్లో అంటారు, నమ్మకండి. అది నమ్మి పసరు మందు కట్టించుకునేలోపు జరిగే నష్టమే ఎక్కువ.

క్యాన్సర్ అని తేలితే ఐహెచ్‌సీ అనే పరీక్ష తప్పనిసరి. అందులో ఈఆర్, పీఆర్ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్లకు ఆ క్యాన్సర్ స్పందిస్తుందా), హెర్2 (ఆ పేరున్న ప్రొటీన్ ఎక్కువుందా) అని మూడు ఫలితాలు వస్తాయి. మీ చికిత్స, మీ టెస్టోస్టిరాన్ భవిష్యత్తు రెండూ ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంటాయి. రిపోర్టు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. వేరే ఆసుపత్రికి మారితే స్లైడ్లు, బ్లాకులు కూడా అడిగి తీసుకోండి, అవి మీవే. లేకపోతే అక్కడ మళ్లీ ముక్క తీస్తామంటారు.

కాగితాలు, డబ్బులు

రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో ఏడాదికి 10 లక్షలకు పెరిగింది. క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఇందులో ఉన్నాయి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది, ముందు అక్కడికే వెళ్లండి. ఏ ఆసుపత్రిలో ఏది చేస్తారో తెలియకపోతే 104కు ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్ల నుంచి విడిగా ఉంటూ రేషన్ కార్డులో పేరు ఇంకా అమ్మానాన్నల దగ్గరే ఉంటే ఆ కార్డు జిరాక్స్ ఎలాగైనా తెప్పించుకోండి.

ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం 2019 చట్టం కింద కలెక్టర్ ఇస్తారు. దరఖాస్తు పద్ధతులు మారుతుంటాయి కాబట్టి కలెక్టరేట్‌లో కనుక్కుని పెట్టండి. ట్రాన్స్‌జెండర్లకు ఆయుష్మాన్ భారత్‌లో ఏడాదికి 5 లక్షల దాకా బీమా ఇవ్వడానికి కేంద్రం 2022లో ఒప్పందం చేసుకుంది. మీ జిల్లాలో కార్డు చేతికి వస్తుందో లేదో ఆరోగ్యమిత్రనే అడగండి. ఒక్కటి మాత్రం నా గట్టి అభిప్రాయం: చికిత్స మధ్యలో ఆధార్ పేరు మార్పు మొదలుపెట్టకండి. మొదలైపోయి ఉంటే పాత కార్డు, కొత్త కార్డు, గెజిట్ కాపీ మూడూ ఒకే కవర్లో పెట్టుకుని తిరగండి.

హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, 1955 నుంచి ఉంది. రైల్లో వెళ్తే చికిత్సకు తిరిగే క్యాన్సర్ పేషెంట్లకు స్లీపర్, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వచ్చేవాళ్లకూ రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే ఫారం కాజీపేట కౌంటర్‌లో చూపించాలి. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో మహాలక్ష్మి పథకం ట్రాన్స్‌జెండర్లకూ వర్తిస్తుంది. గడ్డం పెట్టుకుని జీరో టికెట్ అడిగితే కండక్టర్ బస్సంతా వినేలా ప్రశ్నలు వేసే అవకాశం కూడా ఉంది. ఆ రోజు ఓపిక ఉంటే అడగండి, లేకపోతే డబ్బులిచ్చి కూర్చోండి.

టెస్టోస్టిరాన్ ఆపాలా?

అందరి మొదటి ప్రశ్న ఇదే. కొంతమంది క్యాన్సర్ మాట విన్నదానికంటే ఈ మాటకే ఎక్కువ కుంగిపోతారు.

ఒంట్లోని టెస్టోస్టిరాన్‌లో కొంత భాగం కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ వల్ల ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. ఈఆర్ పాజిటివ్ క్యాన్సర్‌కు ఈస్ట్రోజెనే తిండి. అందుకే ఈఆర్ పాజిటివ్ అని వస్తే చాలామంది ఆంకాలజిస్టులు (క్యాన్సర్ డాక్టర్లు) టెస్టోస్టిరాన్ ఆపమంటారు. మందు పెట్టెలోని కాగితంలో కూడా రొమ్ము క్యాన్సర్ ఉంటే వాడొద్దనే ఉంటుంది. మూడూ నెగెటివ్ అయితే మాట్లాడుకోవడానికి కాస్త చోటు ఉంటుంది. ట్రాన్స్ మెన్ మీద పెద్ద ట్రయల్స్ జరగలేదు, అందుకే ఆంకాలజిస్ట్, ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) ఇద్దరూ కలిసి మీ కేసు చూసి తేల్చాలి. ఇద్దరూ ఒకరితో ఒకరు ఫోన్‌లోనైనా మాట్లాడేలా అడగండి. ఒకరి చిట్టీ ఇంకొకరికి చూపిస్తూ మధ్యలో మీరు తిరిగితే పని జరగదు.

ఆపితే ఏం పోతుంది, ఏం ఉంటుంది? మారిన గొంతు వెనక్కి వెళ్లదు. గడ్డం చాలావరకు ఉంటుంది. కండ, ఓపిక తగ్గొచ్చు, మూడ్ మారొచ్చు, అండాశయాలు ఉంటే పీరియడ్స్ మళ్లీ రావచ్చు. అందరూ భయపడేది ఈ చివరిదానికే. దానికి దారి ఉంది. అండాశయాల పనిని ఆపే గోసెరెలిన్, ల్యూప్రొలైడ్ లాంటి సూదులు నెలకో మూడు నెలలకో ఒకసారి వేస్తారు. అవి పీరియడ్స్‌నూ ఆపుతాయి, ఈఆర్ పాజిటివ్ క్యాన్సర్ చికిత్సలోనూ భాగమే. డాక్టర్ తనంతట తాను ఈ కోణంలో ఆలోచించకపోవచ్చు, మీరే అడగాలి. పిల్లల ఆలోచన లేకపోతే, ఎప్పటినుంచో అండాశయాలు తీయించుకోవాలని ఉంటే ఆ సంగతి కూడా ఇప్పుడే ఎత్తండి, కొందరికి అదే చికిత్స అవుతుంది.

చేయకూడనివి రెండు. పీరియడ్స్ ఆపడానికని మెడికల్ షాపులో దొరికే నోరెథిస్టిరాన్ మాత్రలు సొంతంగా వేసుకోకండి. అవి ప్రొజెస్టిన్లు, అంటే ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్ మందులు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకు పడవు. రెండోది, ఆపమన్నాక చాటుగా సూది వేయించుకోవడం. టెస్టోస్టిరాన్ రక్తాన్ని చిక్కబరుస్తుంది, ఈఆర్ పాజిటివ్ క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ మాత్ర రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది. రెండూ కలిస్తే, ఒక కాలి పిక్క వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అది ఎమర్జెన్సీ, 108కి ఫోన్ చేయాలి. ఆపలేకపోతున్నారంటే ఆ మాట డాక్టర్‌కే చెప్పండి. తెలిస్తే రక్తపరీక్షలు పెట్టి కనిపెట్టుకుని ఉంటారు.

ఆపరేషన్

టాప్ సర్జరీ కానివాళ్లకు ఇది రెండు పనులు కలిసొచ్చే సందర్భం. కానీ నోరు విప్పి అడగకపోతే డాక్టర్ ఆడపేషెంట్ అనుకునే ప్లాన్ చేస్తారు: రొమ్మును వీలైనంత కాపాడటం, లేదా తీసేసి మళ్లీ కట్టడం. "నాకు చదునుగా కావాలి, మళ్లీ కట్టొద్దు" అని స్పష్టంగా చెప్పి కేస్ షీట్‌లో రాయించండి. రెండో వైపు కూడా అదే సమయంలో తీయడం కుదురుతుందా అని అడగండి. దానికి ఆరోగ్యశ్రీలో విడిగా అనుమతి రాకపోవచ్చు, ఖర్చు ముందే కనుక్కోండి. ఆకారం బాగా రావాలంటే ప్లాస్టిక్ సర్జన్ కూడా ఉంటే మంచిది. అయితే క్యాన్సర్ వైపు అందం కోసం కణజాలం మిగల్చమని మాత్రం పట్టుబట్టొద్దు.

ఇదివరకే టాప్ సర్జరీ అయినవాళ్లు పాత కుట్ల సంగతి చెప్పాలి. చంకలో మొదటి లింఫ్ గ్రంథిని వెతికి తీసే పరీక్షలో పాత ఆపరేషన్ వల్ల దారులు మారి ఉండొచ్చు, సర్జన్‌కు ముందే తెలియాలి. చంక గ్రంథులన్నీ తీస్తే ఆ వైపు చేయి వాచే ప్రమాదం ఉంటుంది. ఆ చేతికి బీపీ పట్టీ, సెలైన్ సూది వీలైనంత వరకు పెట్టించుకోకండి, దెబ్బలు తగలకుండా చూసుకోండి, ఫిజియో చెప్పిన వ్యాయామాలు చేయండి.

ఇంకా గడ్డ ఏదీ లేక, టాప్ సర్జరీకి డబ్బులు కూడబెట్టుకుంటున్నవాళ్లకు ఒక మాట. తీసిన కణజాలం మొత్తం హిస్టోపాథాలజీ (మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష)కి పంపమని ముందే రాయించుకోండి. కుటుంబంలో బీఆర్‌సీఏ ఉంటే సర్జరీకి ముందే చెప్పండి, ఆపరేషన్ చేసే తీరే మారుతుంది.

కీమో, కరెంటు

కీమోకు ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ అడిగితే కోపం తెచ్చుకోకండి. టెస్టోస్టిరాన్ వాడుతూ పీరియడ్స్ ఆగిపోయినా గర్భం వచ్చే అవకాశం ఉంది. అండాలు దాచుకోవాలనుకుంటే అది కూడా కీమో మొదలవకముందే, ఆలస్యం చేయకుండా అడగాలి.

ల్యాబ్ రిపోర్టుల్లో ఒక చిక్కు ఉంది. టెస్టోస్టిరాన్ వాడేవాళ్లలో హిమోగ్లోబిన్ మగవాళ్ల స్థాయిలో ఉంటుంది. ఆధార్‌లో ఆడ అని ఉంటే 16 వచ్చినా ఎక్కువని గుర్తు పెట్టి ఇస్తారు. కార్బోప్లాటిన్ లాంటి మందుల డోసుకు కిడ్నీ పనితీరు లెక్కిస్తారు, ఆ ఫార్ములాలో ఆడా మగా అన్నది కూడా వస్తుంది. అందుకే మీ కాగితం కీమో వార్డు ఫైలులో కూడా పిన్ చేయించండి. జుట్టుతో పాటు గడ్డమూ రాలుతుంది. తర్వాత వస్తుంది, టెస్టోస్టిరాన్ ఆపి ఉంటే కాస్త పలచగా రావచ్చు.

రేడియేషన్‌ను ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారు కానీ అందులో షాక్ ఏమీ ఉండదు, కాసేపు కదలకుండా పడుకుంటే అయిపోతుంది. మామూలుగా 15 నుంచి 25 సార్లు, వారానికి ఐదు రోజులు. ఛాతీ మీద గుర్తులు గీస్తారు, చేతులు తల పైకెత్తి పడుకోవాలి. బల్ల దాకా గౌను ఉంచుకుంటానని టెక్నీషియన్‌కు చెప్పండి, ఎవరూ కాదనరు. ముందు గుండీలున్న వదులు కాటన్ చొక్కా వేసుకెళ్లండి. ఈ వారాలన్నీ, చర్మం మానేదాకా, బైండర్ వద్దు. మే నెల వరంగల్ ఎండలో చెమటకు ఆ చర్మం ఇట్టే ఊడుతుంది. క్రేప్ బ్యాండేజ్ చుట్టుకోవడం ఎప్పుడూ మంచిది కాదు, ఇప్పుడు అసలే కాదు. ఛాతీ కనబడుతుందని ఇబ్బందిగా ఉంటే చొక్కా మీద ఇంకో చొక్కా, లేదా భుజాన తువ్వాలు.

వార్డు, తోడు

అడ్మిషన్ రోజున ఆడవార్డా మగవార్డా అన్న ప్రశ్న వస్తుంది. ఆ రోజు రాత్రి స్ట్రెచర్ మీద పడుకుని వాదించే పని పెట్టుకోకుండా, ముందు రోజే నర్సింగ్ సూపరింటెండెంట్‌నో ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్)నో కలిసి పక్క గది లేదా మూల మంచం అడగండి. ట్రాన్స్‌జెండర్ల పట్ల వైద్యంలో వివక్ష చూపకూడదని 2019 చట్టంలోనే ఉంది. ఆ మాట ఎత్తకుండానే పని అయ్యేలా చూడండి, కాకపోతే ఎత్తండి.

తోడుగా ఎవరు ఉండాలో మీరే నిర్ణయించుకోండి. పాత పేరుతో గట్టిగా పిలిచే మేనమామ కంటే నోరు కట్టుకుని టీ తెచ్చే దోస్తు నయం. మీకు 18 దాటి, తెలివిలో ఉంటే ఆపరేషన్ సమ్మతి సంతకం మీదే. రాత్రిళ్లు మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

తర్వాతి ఏళ్లు

ఈఆర్ పాజిటివ్ అయితే హార్మోన్ మాత్రలు ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. టామోక్సిఫెన్ ఒంటరిగా పనిచేస్తుంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రం అండాశయాలు పనిచేస్తున్నంత కాలం వాటిని ఆపే సూది తోడు లేకుండా పనిచేయవు. ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ అనే డిప్రెషన్ మాత్రలు టామోక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి. అందుకే కాగితం మీద అవి రాయమన్నది. సొంతంగా మానకండి, సైకియాట్రిస్ట్ వేరేది మారుస్తారు. టామోక్సిఫెన్ వాడేటప్పుడు గర్భసంచి ఉండి, ఆగిపోయిన రక్తస్రావం మళ్లీ కనబడితే వెంటనే చూపించుకోవాలి. హెర్2 పాజిటివ్ అయి ట్రాస్టుజుమాబ్ సూదులు పడుతుంటే మూడు నెలలకోసారి గుండె ఎకో తీయించాలి.

మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి, తర్వాత రెండేళ్లు ఆరు నెలలకో ఏడాదికో, ఆపైన ఏటా ఒకసారి. ప్రతిసారీ డాక్టర్ చేత్తో ఛాతీ, రెండు చంకలూ చూడాలి. చొక్కా మీద నుంచే "బాగానే ఉన్నావు" అని పంపిస్తే గుండీలు మీరే విప్పి చూడమనండి. ఆశా కార్యకర్తలు ఊళ్లలో 30 దాటిన ఆడవాళ్లకు చేయించే రొమ్ము పరీక్షల జాబితాలో మీ పేరు ఉండదు, ఆధార్‌లో మగ అని మారితే అసలే ఉండదు, కాబట్టి తర్వాతి తేదీని ఫోన్‌లో అలారంగా పెట్టుకోండి. టెస్టోస్టిరాన్ ఆపి ఉన్నవాళ్లు మళ్లీ మొదలుపెట్టే సంగతిని ఏడాదికోసారి ఈ చెకప్‌లోనే అడగండి, ఐహెచ్‌సీ రిపోర్టు ఆ రోజు చేతిలో ఉండాలి.